నేను బాగుచేసిన ఒక్క మాట

మాటల జాబితా

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఎవరిని ఏమని రాయాలో అందులో ఉంది. అది హైదరాబాదు సంస్థానం ఇంకా ఉన్న కాలం. పత్రిక అచ్చయ్యే ముందు సెన్సారు ఆఫీసులో చూసేవారు. మాది హైదరాబాదు నుంచి వచ్చే తెలుగు వారపత్రిక. నేను భువనగిరి విలేఖరిని. ఆ కాగితం ప్రకారం తుపాకులు పట్టుకుని గుట్టల్లో తిరిగే సంఘం మనుషులు ‘శాంతిభంగకారులు’. వాళ్ళకు అన్నం పెట్టిన రైతు ‘తప్పుదారి పట్టిన అమాయకుడు’. రైతులు మూగి నిలదీసిన దొర గడీ ‘ఒక ప్రముఖుని నివాసము’.

పోలీసు చర్య అయ్యాక ఆ కాగితం చించేసి కొత్తది రాయించారు. కొన్ని వారాల పాటు ఆ గుట్టల్లోని వాళ్ళే ‘స్వేచ్ఛాపిపాసులు’ అయ్యారు. వాళ్ళు తుపాకులు దించకపోయేసరికి మరుసటి పంటకు ‘దుండగులు’ అయ్యారు. మనుషులూ వాళ్ళే, గుట్టలూ అవే. మా మేనత్త కొడుకు ఒకడు వాళ్ళలో ఉండేవాడు. వాడు మా పత్రికలో మూడు పేర్లతో అచ్చయ్యాడు. ఇంట్లో మా అత్త మాత్రం వాడిని ఎప్పుడూ ఒకే పేరుతో తలుచుకుని ఏడ్చేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను తరచూ ఒకటి అడుగుతారు, ఆ రోజుల్లో పత్రికలు అబద్ధాలు రాసేవా అని. పచ్చి అబద్ధం రాయడం అరుదు. అంత అవసరం పడేది కాదు. ‘పరిస్థితి మెరుగవుతున్నది’ అని ప్రతివారం వేసేవాళ్ళం. నేను పంపే వార్తలో ఆ వాక్యం లేకపోతే ఆఫీసులోనే చేర్చేవారు. నిజంగా వారం వారం అంత మెరుగైపోయి ఉంటే నల్లగొండ జిల్లా ఈపాటికి స్వర్గంలో ఒక తాలూకా అయి ఉండేది.

బెజవాడ వైపు పత్రికల తీరు వేరు. వాళ్ళ విలేఖరులు రైల్లో వచ్చి మమ్మల్ని చూసి జాలిపడి వెళ్ళేవారు. ప్రతి వ్యాసమూ భువనగిరి రాతిగుట్ట మీది కోటతోనే మొదలయ్యేది. రైలు ఆగినంతసేపట్లో స్టేషన్ నుంచి కనిపించేది అదే మరి. తరువాత మా భాష వినసొంపుగా లేదని ఒక వాక్యం, అయినా మా గుండెలు మంచివని ఇంకో వాక్యం ఉండేవి.

నేను చెప్పదలచుకున్నది వాళ్ళ తప్పుల గురించి కాదు. నా తప్పు ఒకటి ఉంది. అది రాజకీయాల పేజీలో జరగలేదు, కళల పేజీలో జరిగింది. కళల పేజీలో ఎవరికీ ఏ ప్రమాదమూ ఉండదని అప్పట్లో మేమంతా అనుకునేవాళ్ళం.

శేషాచారి గారి ఎర్రసిరా

మా సంపాదకులు శేషాచారి గారు. మంచి చదువరి, కోపిష్టి, లోపల మెత్తని మనిషి. పుట్టింది పాలమూరు దగ్గర పల్లెలో. ఇంట్లో ఆయన మాట్లాడే భాషను పత్రికలో మాత్రం అడుగు పెట్టనిచ్చేవారు కాదు. నేను ‘బాపు’ అని రాస్తే ‘తండ్రి’ అయ్యేది. ‘జాగా’ రాస్తే ‘స్థలము’ అయ్యేది. ఒకసారి ఒక ముసలమ్మ అన్న మాటను ఉన్నదున్నట్టు రాసి పంపాను. ఆయన దాన్ని దిద్ది వేసిన తరువాత ఆ ముసలమ్మ గుంటూరులో పదో తరగతి చదివినట్టు మాట్లాడింది.

“అచ్చులో మనిషి కొంచెం శుభ్రంగా కనబడాలోయ్. పెళ్ళికి పోయేటప్పుడు ముఖం కడుక్కోరా?” అనేవారు.

కొన్నాళ్ళకు నా వార్తల మీద ఎర్రసిరా పడటం తగ్గింది. నేను బాగా రాస్తున్నానని సంతోషపడ్డాను. నిజానికి ఆయన చేసే పని ఆయనకంటే ముందు నేనే చేయడం మొదలుపెట్టాను. మనిషి మాట నా చెవిలో పడి కాగితం మీదికి దిగేలోపే ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చేది.

పోలీసు చర్య తరువాత శేషాచారి గారు ‘పల్లె గొంతు’ అని ఒక శీర్షిక మొదలుపెట్టారు. ఊళ్ళ పాటలు, కథలు, ఆటలు దాంట్లో రావాలి. రాజకీయాలు వద్దన్నారు. అయితే చదివితే రాజకీయాల వాసన రావాలన్నారు. పత్రికలవాళ్ళు చాలామంది ఇట్లాగే అడుగుతారు. అగ్గి వద్దు, పొగ కావాలి.

బోడగుట్టపల్లెలో కథ

భువనగిరికి రెండు ఆమడల దూరంలో బోడగుట్టపల్లె అని ఊరు ఉండేది. అక్కడ ఒగ్గు కథ ఉందని తెలిసి సైకిలు మీద వెళ్ళాను. గొర్లు కాసే కులాలవాళ్ళు తమ దేవుడి కథను డోలు, తాళాలతో చెప్పించుకుంటారు. అదే ఒగ్గు కథ. మామూలుగా చీకటి పడ్డాక మొదలై తెల్లవార్లూ సాగుతుంది. అప్పుడు ఆ చుట్టుపక్కల పోలీసు క్యాంపు ఉంది, పొద్దుగూకాక గుంపు కూడవద్దని చాటింపు వేయించారు. అందుకని ఆ రోజు కథ పొద్దున్నే మొదలైంది. దేవుడు ఎండలో వచ్చాడు.

కథ చెప్పేవాడు బీరయ్య. నలభై ఏళ్ళ మనిషి, ఎండు కట్టెలా ఉండేవాడు. కాళ్ళకు గజ్జెలు, నొసట పసుపు. డోలు మీద దెబ్బ పడగానే ఒళ్ళంతా వేరే మనిషిది అయ్యేది. ఆ రోజు మూడు వందల గొర్లు కూడా లేని ఆ ఊరి ముందర లక్ష గొర్లను నడిపించాడు. దుమ్ము లేస్తుందేమోనని నేను నిజంగానే వెనక్కి జరిగాను.

ముందు వరసలో మంచం మీద ఊరి పటేలు జంగారెడ్డి కూర్చున్నాడు. కథలో దేవుడి మంద ఒక బీడు దగ్గరికి వచ్చింది. కావలివాడు అడ్డం తిరిగాడు, ఈ బీడు రాజుది, గొర్లు మేయొద్దన్నాడు. అప్పుడు బీరయ్య కథలోంచి ఒక అడుగు బయటికి వేసి, డోలు ఆపి, పటేలు వైపు తిరిగాడు.

“గడ్డికి గూడ పట్టా ఉంటదా, పటేలా?”

జనం గొల్లుమన్నారు. పటేలు మంచం మీద వెనక్కి ఒరిగి పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఉంటదిరా, నీ గొర్లు చదువుకుంటె సూపిస్త” అన్నాడు. మళ్ళీ నవ్వులు. బీరయ్య దండం పెట్టి కథలోకి వెళ్ళిపోయాడు.

జరిగింది ఇంతే. ఇద్దరు ఊరివాళ్ళు నలుగురి ముందర ఒకరినొకరు గిచ్చుకున్నారు. ఆ గిచ్చుడులో మంట లేదని నేననను. బీరయ్య గొర్లను జంగారెడ్డి జీతగాళ్ళు బీడులోంచి ఎన్నోసార్లు తరిమారు. అది అందరికీ తెలుసు. కానీ మాట్లాడటానికి ఆ ఊళ్ళో వాళ్ళిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ పద్ధతి వల్లే బీరయ్య ఆ మాట అనగలిగాడు, పటేలు దాన్ని నవ్వి మింగగలిగాడు.

గదికి వచ్చి రాయడానికి కూర్చున్నాను. ‘గడ్డికి గూడ పట్టా ఉంటదా’ అన్న మాట కాగితం మీద పెడితే చప్పగా కనిపించింది. నవ్వు లేదు, డోలు లేదు, పటేలు పొట్ట లేదు. శీర్షికకు తగిన బరువు లేదనిపించింది. చాలాసేపు కొట్టివేసి, తిరిగి రాసి, చివరికి ఇట్లా కుదిర్చాను: ‘భూమి గొర్రెది, గడ్డి గొర్రెది, నడుమ నీవెవరు దొరా?’

చూసుకుని మురిసిపోయాను. ఆ మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, కింద ‘అని గర్జించాడు బీరయ్య’ అని రాశాను. పటేలు నవ్విన సంగతి తీసేశాను. గర్జన తరువాత నవ్వు అతకలేదు మరి.

శేషాచారి గారు ఒక్క అక్షరం దిద్దలేదు. ‘గొర్రెలకాపరి గొంతులో మేల్కొలుపు’ అని శీర్షిక పెట్టి, బీరయ్య పేరూ ఊరి పేరూ పెద్ద అక్షరాలతో వేశారు. శభాష్ అని ఒక కార్డు కూడా రాశారు.

పదకొండు రోజులు

పత్రిక వచ్చిన నాలుగో రోజున బీరయ్యను క్యాంపువాళ్ళు తీసుకుపోయారు. ఆ సంగతి నాకు స్టేషన్ ముందరి చాయ్ దుకాణంలో తెలిసింది. బోడగుట్టపల్లె నుంచి గొర్రె బొచ్చు అమ్ముకోవడానికి వచ్చిన మనిషి ఒకడు చెప్తున్నాడు.

“కథ జెప్పే బీరయ్యను వట్కపోయిన్రు. డోలు గూడ తీస్కపోయిన్రు. పేపర్ల ఏమో వచ్చిందంట.”

నేను చాయ్ తాగి గదికి వెళ్ళాను. అక్కడి నుంచి నేరుగా క్యాంపుకు వెళ్ళానని రాస్తే బాగుంటుంది. వెళ్ళలేదు. పదకొండు రోజులు వెళ్ళలేదు. వేరే కారణం ఉండి ఉంటుందని రెండు రోజులు అనుకున్నాను. వాళ్ళే వదిలేస్తారని మూడు రోజులు అనుకున్నాను. మిగిలిన రోజులు ఏమీ అనుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను. మేనత్త కొడుకు గుట్టల్లో ఉండగా నేను క్యాంపు గడప తొక్కితే తిరిగి వస్తానో రానో అన్న భయం నాకుంది. ఆ భయం నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని పడుకున్నదీ నిజమే.

ఆ పదకొండు రోజుల్లోనే భువనగిరిలో కవి సమ్మేళనం జరిగింది. పద్నాలుగు మంది స్వేచ్ఛ మీద చదివారు. సంకెళ్ళు తెగిపడ్డాయి, చెరసాల తలుపులు బద్దలయ్యాయి. సభకు క్యాంపు ఇన్‌స్పెక్టరు ముఖ్య అతిథిగా వచ్చి చివరిదాకా చప్పట్లు కొట్టాడు. అర్థం కాకుండా రాయడంలో ఆ సదుపాయం ఉంది. దాని మీద నేను పంపిన వార్త మొదటి పేజీలో వచ్చింది.

పన్నెండో రోజు పొద్దున బీరయ్య భార్య ఎల్లవ్వ మా గది ముందర నిలబడింది. నడిచి వచ్చింది. భుజం మీద గొంగడి, చేతిలో మడిచిన మా పత్రిక. ఆమెకు చదువు రాదు. పటేలు ఇంట్లోంచి అడిగి తెచ్చుకుందట.

“నువ్వేనా పేపరాయనవు?” అంది.

అవునన్నాను.

“మావోడు గిట్ల అన్నడని రాసినవంట. మావోడేమో నేననలే అంటడు. నేను గూడ ఆడనే ఉన్న, నేను గూడ ఇనలే. ఇన్నోళ్ళు ఊళ్ళె ఒక్కరు లేరు. నీ ఒక్కనికే ఎట్ల ఇనబడ్డది సారూ?”

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. ఇంతకాలంలో నన్ను ఎంతోమంది పెద్దవాళ్ళు ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇట్లాంటిది ఇంకెవరూ అడగలేదు.

“అతను అనలేదవ్వా. నేను రాసుకున్న.”

ఆమె గొంగడి భుజం మీదికి లాక్కుంది. “గట్లయితె గదే వాళ్ళకు జెప్పు. నడువు” అంది.

పటేలు అడిగింది

క్యాంపుకు ఒంటరిగా పోవడానికి ధైర్యం చాలలేదు. జంగారెడ్డి సాక్ష్యం చెప్తే బలం ఉంటుందని ముందు బోడగుట్టపల్లెకు వెళ్ళాము. ఆయన నన్ను కూర్చోమనలేదు.

“మీ బాపు నాకెరికే. మంచోడు. నువ్వు గిట్ల జేస్తివి” అన్నాడు.

“మీరు వచ్చి ఆ రోజు జరిగింది చెప్తే బీరయ్యను వదులుతారు, పటేలా.”

“ఏం జెప్పాలె? గా మాటకు నేను నవ్విన అని జెప్పాల్నా? పేపర్లేమో నా ముఖం మీద గర్జించిండని ఉండె. గర్జిస్తె నవ్విన పటేలు ఏ పటేలయ్యా? సంఘపోళ్ళ పటేలు అంటరు. నన్ను గూడ పక్కన కూసబెడ్తరు.” గొంతు తగ్గించి అడిగాడు. “నేను నవ్వింది నువ్వు సూసినవు గదా. గది ఎందుకు రాయలే?”

“జాగా లేకుండె” అన్నాను.

నోటికొచ్చిన మాట అది. ఆఫీసులో మేము రోజూ వాడేదే. ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ నవ్వు ఒక్క వాక్యం. అది రాసి ఉంటే మిగతా అబద్ధం ఉన్నా కూడా చదివినవాడికి అది వేళాకోళమని తెలిసేది. వార్తలో రాసింది అబద్ధమా నిజమా అని అందరూ చూస్తారు. తీసేసింది ఏమిటని చూసేవాడు ఉండడు. ఆ చూపు మీకు మీరే పెట్టుకోవాలి.

క్యాంపు బెంచీ

పటేలు రాకపోయినా మరునాడు పొద్దున్నే మేమిద్దరం క్యాంపుకు వెళ్ళాము. దాన్ని ఒక బడిలో పెట్టారు. ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి, కళ్ళజోడు, నెమ్మదస్తుడు. నన్ను కవి సమ్మేళనంలో చూసిన గుర్తుతో కుర్చీ ఇచ్చాడు. ఎల్లవ్వ గడప అవతల కూర్చుంది. విషయం చెప్పాను. ఆయన దస్త్రం తెప్పించి తెరిచాడు. మా పత్రిక ముక్క అందులో అంటించి ఉంది. నా వాక్యం కింద గీత గీసి ఉంది.

“అయితే మీ పత్రికలో అచ్చయింది అబద్ధమంటారు?”

“ఆ మాట వరకు అబద్ధమేనండీ.”

“మేల్కొలుపు అని కూడా మీరే వేశారుగా.”

“అది సంపాదకులు పెట్టారు.”

“గర్జించాడని?”

“అది నేనే.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూడండి, ఆ మనిషి రెండు వారాలుగా నేను అనలేదు, నేను అనలేదు అంటున్నాడు. మేము నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో తెలుసా? చదువుకున్నవాళ్ళు అచ్చు వేశారు కదా అని. సరే, ఆ మాట అతనిది కాకపోతే మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నాకే తట్టింది.”

“అయితే లోపల ఉండాల్సింది మీరు కదండీ?”

నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. మధ్యాహ్నం ఎల్లవ్వ లేచి వచ్చింది. తన గొంగడి తీసి బెంచీ మీద నా పక్కన పెట్టింది, దాని మీద చెయ్యి ఆనించుకున్నాను. సాయంత్రం ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి తేల్చి చెప్పాడు.

“నోటి మాట నాకు పనికిరాదు. పైవాళ్ళు చూసింది అచ్చు. మళ్ళీ అచ్చే రావాలి. అది తెస్తే ఇతని కాగితం కదులుతుంది. తేకపోతే మీ కాగితం మొదలవుతుంది.”

సవరణ

మరునాడు మొదటి రైలుకు హైదరాబాదు వెళ్ళాను. శేషాచారి గారు అంతా విన్నారు. ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది.

“అరెస్టయ్యాడా? అది వార్తే కదా. ‘జానపద కళాకారుని నిర్బంధము’ అని ఇవాళే రాసి ఇవ్వు.”

నాకు ఆశ పుట్టిందని ఒప్పుకుంటాను. అది పెద్ద వార్త. నా పేరుతో వస్తుంది. బీరయ్య వీరుడవుతాడు, నేను వీరుణ్ణి లోకానికి చూపినవాడిని అవుతాను. నా తప్పు ఆ సందట్లో ఎవరికీ కనిపించదు. కలం తీశాను కూడా. గొంగడి మీద చెయ్యి ఆనించి కూర్చున్న సాయంత్రం గుర్తుకొచ్చి మూత పెట్టాను.

“అట్లా వేస్తే అతను ఇంకో ఏడాది లోపలుంటాడు సార్. మనం సవరణ వేయాలి.”

“పత్రిక తప్పు చేసిందని పత్రికే చెప్తుందా? రేపటి నుంచి ప్రతి పట్వారీ సవరణ వేయమని గుమ్మంలో నిలబడతాడు.”

“ఆ తప్పుకు మూలం ఎక్కడుందో మీకు తెలుసు సార్. ముసలమ్మ ముఖం కడగమన్నది మీరే.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చేసింది నేను. ఆయన ముఖం నల్లబడింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు మొదటిసారి నాతో తన ఊరి భాషలో మాట్లాడారు.

“రాయి. గని తప్పు నీదని రాయి, పత్రికదని రాయకు. నీ పేరు వెట్టు. రేపట్నుంచి నిన్ను ఎవ్వలు నమ్మరు, సూస్కో.”

సరేనన్నాను. ఆఖరి పేజీలో, తలనొప్పి నూనె ప్రకటన కింద, నాలుగు పంక్తులు వచ్చాయి. ఫలానా వ్యాసంలో బీరయ్య అన్నట్టుగా ప్రచురితమైన వాక్యం అతనిది కాదనీ, వ్యాసకర్త సొంత కల్పన అనీ, అందుకు వ్యాసకర్త విచారిస్తున్నాడనీ. నేను ఆ ఉద్యోగంలో రాసిన వాటిల్లో ప్రతి అక్షరమూ నిజమైన వార్త అదే. కింద నా పేరు ఉంది.

ఆయన చెప్పినట్టే అయింది. రెండేళ్ళ పాటు నేను ఏం పంపినా ‘నీ కల్పన కాదు కదా’ అని ఆఫీసులో నవ్వేవారు. ఆ నవ్వుల వల్ల నాకు మేలే జరిగింది. మాట విన్నప్పుడల్లా విన్నది విన్నట్టు చిన్న పుస్తకంలో రాసుకుని, అన్నవాడికే చదివి వినిపించడం అలవాటైంది.

సవరణ చేతికి అందాక కూడా బీరయ్యను వదలడానికి మూడు వారాలు పట్టింది. డోలు ఆ తరువాత ఇంకొన్నాళ్ళకు ఇచ్చారు. చెమ్మలో పడి ఉండి దాని తోలు వదులైపోయింది.

ఇంకో సంగతి చెప్పాలి. నేను కల్పించిన వాక్యం ఊరుకోలేదు. బెజవాడ పత్రిక ఒకటి దాన్ని ఎత్తి వేసుకుంది. ఆ తరువాత ఒక పండితుడు జానపద సాహిత్యం మీద వ్యాసం రాస్తూ ‘తరతరాలుగా తెలంగాణ గొర్రెల కాపరుల నోట నలుగుతున్న నుడి’ అని దాన్ని ఉదాహరించాడు. ప్రాస చూస్తే అది చాలా పాతదని తేల్చాడు. అది నా గదిలో, నా బల్ల మీద, ఫలానా మధ్యాహ్నం పుట్టిందని ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. జానపదుల గురించి రాసేవాళ్ళకు జానపదులే అడ్డం వస్తారు, మధ్యలో నేనెవరిని?

ఊరి ముందర

మరుసటి ఏడు బోడగుట్టపల్లెలో మళ్ళీ కథ పెట్టుకున్నారు. రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. బీరయ్య చిక్కిపోయాడు, గొంతు మాత్రం తగ్గలేదు. డోలుకు కొత్త తోలు. పటేలు ఎప్పటిలాగే మంచం మీద ఉన్నాడు.

కథలో మంద బీడు దగ్గరికి వచ్చింది. బీరయ్య ఆగేలోపే జనంలోంచి ఎవరో కేక వేశారు.

“బీరన్నా, గా భూమి గొర్రెది మాట జెప్పే.”

ఇంకో నలుగురు అందుకున్నారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఆ మాట కోసమే వచ్చామన్నారు. బీరయ్య డోలు మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. నేను కూర్చున్న సంగతి అతనికి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది.

“గది నాది గాదు. పేపరాయనది. గాడ ఎనక కూసున్నడు, ఆయన్నే అడుగుండ్రి.”

అందరూ వెనక్కి తిరిగారు. నేను లేచాను. నాలుగు పంక్తుల సవరణ ఆ ఊళ్ళో ఎవరూ చదవలేదని అక్కడ నిలబడ్డాక తట్టింది. చదవడం వచ్చినవాళ్ళే నలుగురైదుగురు. నేను క్షమాపణ చెప్పుకున్నది తలనొప్పి నూనె కొనేవాళ్ళకు.

“నిరుడు బీరన్న గట్ల అనలే” అన్నాను. అన్నాక నా చెవులకే కొత్తగా ఉంది. ఇంట్లో మాట్లాడే మాటలు నలుగురిలో నా నోట రావడం అదే మొదలు. “గడ్డికి గూడ పట్టా ఉంటదా పటేలా అన్నడు. పటేలు నవ్విండు. నేను నవ్వు దీసేసిన, మాట మార్సిన. అందంగ ఉంటదని మార్సిన. గా మాట నాది. బీరన్న లోపలికి పోయిండు.”

ఆడవాళ్ళ వరసలోంచి ఎల్లవ్వ గొంతు వచ్చింది.

“జెప్పినవు గదా. ఇగ కూసో.”

కూర్చున్నాను. బీరయ్య డోలు సర్దుకున్నాడు. కథ ఆగిన చోట, బీడు గట్టు మీద, గొర్లు నిలబడి ఉన్నాయి. జంగారెడ్డి మంచం మీద కొంచెం ముందుకు వంగాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడని దూరం నుంచే నాకు కనిపించింది. బీరయ్య ఆయన వైపు ఒకసారి చూసి, తల తిప్పి, డోలు కొట్టాడు. గొర్లు బీడు పక్క తొవ్వ పట్టి పోయినయని పాడాడు.

ఆ తరువాత పదిహేనేళ్ళలో ఎన్నో ఊళ్ళలో బీరయ్య కథ విన్నాను. ఎక్కడా మంద ఆ బీడు దగ్గర ఆగలేదు.